బ్యాలెన్స్ అంటే నిల్వా? బాకీనా?



ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి చెప్పుకుందాం. అది ఇంగ్లీషు మాట. అయినా మనందరి నోళ్ళలో నానిన మాటే. ఆ మాట ‘బ్యాలెన్స్’.

బస్సులో కండక్టరు టిక్కెట్టు వెనక అంకె రాసి, “బ్యాలెన్స్ దిగేటప్పుడు తీసుకోమ్మా” అంటాడు. కిరాణా కొట్టాయన “పాత బ్యాలెన్స్ ఎప్పుడిస్తావమ్మా?” అని అడుగుతాడు. బ్యాంకులో “మీ ఖాతాలో బ్యాలెన్స్ లేదు” అంటారు. ఫోను చేయబోతే “బ్యాలెన్స్ అయిపోయింది” అని వినిపిస్తుంది. సైకిలు నేర్చుకునే పిల్లతో “బ్యాలెన్స్ చూసుకో, పడతావ్” అని మనమే అంటాం.

మాట ఒకటే. అర్థం మాత్రం ఒకటి కాదు.

బస్సులో బ్యాలెన్స్ అంటే మనకు రావలసిన డబ్బు. కొట్లో బ్యాలెన్స్ అంటే మనం ఇవ్వవలసిన డబ్బు. ఒకటి మన చేతికి వచ్చేది. ఇంకొకటి మన చేతిలోంచి పోయేది. ఇంత తేడా ఉన్నా రెంటికీ పేరు ఒకటే. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది మనమే.

అసలు ఈ మాట ఎక్కడ పుట్టింది? ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? చూద్దాం.

తక్కెడలో పుట్టిన మాట

పూర్వం ఇటలీ దేశంలో రోము నగరం ఉండేది. ఇప్పుడూ ఉంది. ఆ రోము వాళ్ళు మాట్లాడిన భాష పేరు లాటిన్. ఆ భాషలో ‘బి’ అంటే రెండు. ‘లాంక్స్’ అంటే పళ్ళెం. ఈ రెండూ కలిసి ‘బిలాంక్స్’ అయింది. అంటే రెండు పళ్ళాలది అని అర్థం. రెండు పళ్ళాలు ఉండేది ఏది? తక్కెడ!

ఆ మాట లాటిన్ నుంచి ఫ్రెంచి భాషలోకి వెళ్ళింది. ఫ్రెంచి నుంచి ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషులోకి వచ్చింది. నోళ్ళు మారి, ఊళ్ళు మారి ‘బ్యాలెన్స్’ అయింది. అంటే బ్యాలెన్స్ మొదటి అర్థం డబ్బు కాదు, తక్కెడ.

తక్కెడ మన దేశానికీ కొత్త కాదు. సింధు నది ప్రాంతంలో హరప్పా, మొహెంజొదారో అనే పాత పట్టణాలు తవ్వకాల్లో బయటపడ్డాయి. అవి నాలుగు వేల ఏళ్ళకు పైబడిన పట్టణాలు. అక్కడ నలుచదరంగా చెక్కిన తూనికరాళ్ళు దొరికాయి. రాగి, కంచు పళ్ళాలు కూడా దొరికాయి. అంటే అప్పటికే మనుషులు తూచి ఇచ్చేవాళ్ళు, తూచి పుచ్చుకునేవాళ్ళు.

తక్కెడ ఎలా పని చేస్తుంది? అది మనకు ఒకరు చెప్పనక్కర లేదు. ఒక పళ్ళెంలో రాయి. ఇంకో పళ్ళెంలో సరుకు. రెండూ సమానమైతే ముల్లు నిటారుగా నిలబడుతుంది. సమానం కాకపోతే ఒక పక్కకు మొగ్గుతుంది. మొగ్గు ఎటుందో చూసి ఇంకొంచెం వేస్తాం. లేదా కొంచెం తీస్తాం.

ఈ సంగతి గుర్తుంచుకోండి. బ్యాలెన్స్ అనే మాటలో ఎప్పుడూ రెండు పక్కలుంటాయి.

తెలుగులోనూ ఇదే ఆలోచన

సంస్కృతంలో తక్కెడను ‘తుల’ అంటారు. తులారాశి గుర్తు ఏమిటి? తక్కెడే. శ్రీకృష్ణ తులాభారం కథ మనకు తెలుసు. సత్యభామ తన నగలన్నీ వేసినా పళ్ళెం లేవలేదు. రుక్మిణి ఒక్క తులసిదళం వేస్తే లేచింది. తుల మీద పెట్టిన భారం కాబట్టి అది తులాభారం.

అంగన్‌వాడీలో ‘సమతుల ఆహారం’ తినమని చెబుతారు. ఇంగ్లీషులో దాన్ని ‘బ్యాలెన్స్‌డ్ డైట్’ అంటారు. అన్నం ఒక్కటే కడుపునిండా తింటే చాలదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండు కూడా ఉండాలి. ఒకే పక్క మొగ్గకుండా అన్నీ తగుపాళ్ళలో ఉండాలని దాని అర్థం. చూశారా! ‘సమతుల’లోనూ తక్కెడ ఉంది. ‘బ్యాలెన్స్’లోనూ తక్కెడ ఉంది. రెండు భాషల వాళ్ళూ ఒకేలాగ ఆలోచించారు.

సైకిలు బ్యాలెన్స్ కూడా అంతే. ఒళ్ళు కుడి పక్కకు మొగ్గితే కుడి పక్కకు పడతాం. ఎడమకు మొగ్గితే ఎడమకు పడతాం. రెండు పక్కలా సరిచూసుకుంటే సాగిపోతాం. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990 తర్వాత అక్కడ అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. అక్షరాలతో పాటు ఆడవాళ్ళు సైకిలు తొక్కడం కూడా నేర్చుకున్నారు. వేలాది మంది నేర్చుకున్నారు. పొలానికీ, పనికీ, సంతకూ సైకిలు మీదే వెళ్ళారు. నెత్తిన రెండు బిందెలు పెట్టుకుని, చంకన పిల్లని ఎత్తుకుని గట్టు మీద నడిచే వాళ్ళకు బ్యాలెన్స్ ఒకరు నేర్పాలా?

తక్కెడ నుంచి పుస్తకంలోకి

మరి ఈ మాట డబ్బు లెక్కల్లోకి ఎలా వచ్చింది?

ఇటలీలో వెనిస్ అనే రేవుపట్నం ఉంది. అక్కడి వర్తకులు లెక్క రాయడానికి మంచి పద్ధతి పెట్టుకున్నారు. పుస్తకంలో ఒక పక్క వచ్చినది రాస్తారు. ఇంకో పక్క పోయినది రాస్తారు. లూకా పచోలి అనే లెక్కల పంతులు ఈ పద్ధతిని వివరంగా రాశాడు. ఆ పుస్తకం 1494లో వెనిస్‌లో అచ్చయింది. లెక్క పుస్తకం ఎడమ పక్క ఒక పళ్ళెం. కుడి పక్క ఇంకో పళ్ళెం. రెండూ సరితూగాలి. సరితూగకపోతే ఎంత తక్కువైందో అంత అంకె వేసి సరిచేస్తారు. ఆ అంకె పేరే బ్యాలెన్స్. అంటే రెండు పక్కలకూ ఉన్న తేడా.

తేడా అన్నాక అది ఎటైనా ఉండొచ్చు. వచ్చినది ఎక్కువైతే మిగులు. పోయినది ఎక్కువైతే తరుగు. ఇంగ్లీషు వాళ్ళు రెంటినీ బ్యాలెన్స్ అనే అన్నారు. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

మన దగ్గర రెండు మాటలున్నాయి

తెలుగులో ఈ చిక్కు లేదు. మన దగ్గర రెండు మాటలున్నాయి. ఒకటి ‘నిల్వ’. ఇంకొకటి ‘బాకీ’.

మన డబ్బు మిగిలి ఉంటే నిల్వ. మనం ఇంకా ఇవ్వాల్సి ఉంటే బాకీ. గాదెలో ధాన్యం నిల్వ ఉంటుంది. గాదెలో ధాన్యం బాకీ ఉందని ఎవరూ అనరు.

ఇంకో చిత్రం చూడండి. బాకీ కూడా బయటి నుంచి వచ్చిన మాటే. అది అరబ్బీ మాట. ఆ భాషలో బాకీ అంటే ‘మిగిలినది’ అని అర్థం. ఉర్దూలో ఇప్పటికీ అదే అర్థం. నవాబుల కాలంలో కచేరీ లెక్కలు పార్సీ భాషలో రాసేవారు. అలా జమ, ఖర్చు, వసూలు, రసీదు, బాకీ అనే మాటలు తెలుగులోకి వచ్చాయి. అక్కడ ‘మిగిలినది’ అన్న మాట ఇక్కడ ‘తీర్చవలసిన అప్పు’ అయి కూర్చుంది. మన వాడుకలో దాని అర్థం తేలిపోయింది. బ్యాలెన్స్‌కు మాత్రం ఇంకా తేలలేదు. అందుకే ఎవరైనా బ్యాలెన్స్ అంటే మనం ఒక మాట అడగాలి.

“నిల్వా? బాకీనా?”

కొట్టు ఖాతాలో

సూరమ్మ అనే ఒకామె ఉందనుకుందాం. ఆమె నెల పొడుగునా కొట్లో సరుకులు ఖాతాకు తెచ్చింది. నెలాఖరుకు 1,850 రూపాయలైంది. కూలి డబ్బులు రాగానే 1,200 కట్టింది.

“ఇంకా బ్యాలెన్స్ ఎంతన్నా?” అని అడిగింది.

“ఎనిమిది వందల చిల్లర ఉంటుందిలే సూరమ్మా” అన్నాడు కొట్టాయన.

“నోటితో వద్దన్నా. పుస్తకం ఇటు తిప్పు.”

సూరమ్మ వేలు పెట్టి చదివింది. సరుకు మొత్తం 1,850. కట్టినది 1,200. తీసివేస్తే 650. ఎనిమిది వందలు ఎలా అయింది? పైకి చూస్తే తారీఖు లేకుండా 150 రాసి ఉంది.

“ఇదేంటన్నా? ఏ సరుకు?”

కొట్టాయన ఆలోచించాడు. “పొరపాటున వేరేవాళ్ళది నీ ఖాతాలో పడింది” అని కొట్టేశాడు.

పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. కొట్టాయనతో పోట్లాట అక్కర్లేదు. పుస్తకం తిప్పమని అడిగితే చాలు. మన ఇంట్లో కూడా ఒక చిన్న నోటుబుక్కు ఉండాలి. తెచ్చిన రోజు, సరుకు, వెల రాసుకోవాలి. రెండు పుస్తకాలూ రెండు పళ్ళాల్లాంటివి. సరితూగుతున్నాయా లేదా అన్నది మనమే చూసుకోవచ్చు.

బ్యాంకు పాసుపుస్తకంలో

పొదుపు ఖాతా పాసుపుస్తకం తెరవండి. నిలువు గడులుంటాయి. ఒక గడిలో తారీఖు. ఒక గడిలో వివరం. ఒక గడిలో తీసిన డబ్బు. ఒక గడిలో వేసిన డబ్బు. చివరి గడిలో బ్యాలెన్స్. ఇక్కడ బ్యాలెన్స్ అంటే నిల్వ. అది మన డబ్బు.

ఒక లెక్క చూద్దాం. ఏప్రిల్ 1న నిల్వ 2,000. ఏప్రిల్ 5న 1,500 వేశాం. నిల్వ 3,500 అయింది. ఏప్రిల్ 12న 800 తీశాం. నిల్వ 2,700 అయింది. ఎప్పుడూ చివరి వరస చూడాలి. అదే ఇప్పటి నిల్వ. పై వరసల్లో ఉన్నవి పాత సంగతులు.

కొన్ని ఖాతాల్లో ‘మినిమం బ్యాలెన్స్’ ఉండాలంటారు. అంటే కనీసం ఇంత నిల్వ తగ్గకుండా ఉంచాలని అర్థం. తగ్గితే కొన్ని బ్యాంకులు డబ్బు కోసుకుంటాయి. ఖాతా తెరిచేటప్పుడే ఈ సంగతి అడగాలి. 2014లో జన్ ధన్ ఖాతాలు వచ్చాయి. వాటిలో ఇంత నిల్వ ఉంచి తీరాలన్న షరతు లేదు. అందుకే వాటిని ‘జీరో బ్యాలెన్స్’ ఖాతాలంటారు. జీరో అంటే సున్నా.

అప్పు పుస్తకంలో

బ్యాంకు అప్పుకు కూడా పుస్తకం ఇస్తుంది. అందులోనూ చివరి గడిలో బ్యాలెన్స్ అనే ఉంటుంది. కానీ ఇక్కడ అది నిల్వ కాదు, బాకీ. పొదుపు పుస్తకంలో ఆ అంకె పెరిగితే మనం సంతోషించాలి. అప్పు పుస్తకంలో ఆ అంకె తగ్గితే సంతోషించాలి. రెండు పుస్తకాల అట్టలు ఒకేలా ఉండొచ్చు. అందుకే అట్ట మీద ‘పొదుపు’, ‘అప్పు’ అని తెలుగులో రాసిపెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. వడ్డీ దేని మీద వేస్తున్నారు?

ఒకామె 12,000 రూపాయలు అప్పు తీసుకుందనుకుందాం. నెలకు నూటికి రూపాయి వడ్డీ. నెలకు 1,000 చొప్పున 12 నెలల్లో అసలు తీర్చాలి.

మొదటి పద్ధతి చూడండి. ప్రతి నెలా మొత్తం 12,000 మీద వడ్డీ వేస్తారు. నెలకు 120 రూపాయలు. 12 నెలలకు 1,440 రూపాయలు.

రెండో పద్ధతి చూడండి. ఇంకా ఉన్న బాకీ మీదే వడ్డీ వేస్తారు. మొదటి నెల 12,000 మీద 120. రెండో నెల బాకీ 11,000. వడ్డీ 110. మూడో నెల బాకీ 10,000. వడ్డీ 100. ఇలా నెలనెలా పది రూపాయలు తగ్గుతుంది. చివరి నెల బాకీ 1,000. వడ్డీ 10. అన్నీ కూడితే 780 రూపాయలు.

రెండూ ‘రూపాయి వడ్డీ’యే. కానీ ఒకదానికి 1,440. ఇంకొకదానికి 780. తేడా 660 రూపాయలు! ఎన్ని రోజుల కూలి అది? మొదటి పద్ధతిలో చివరి నెల మన చేతిలో ఉన్న అప్పు వెయ్యి. వడ్డీ మాత్రం పన్నెండు వేలకు కడుతున్నాం. తీర్చేసిన డబ్బుకు వడ్డీ ఎందుకు కట్టాలి?

కాబట్టి అప్పిచ్చేవాళ్ళు “రూపాయి వడ్డీయే అమ్మా” అంటే అక్కడితో ఆగకండి. “మొదటి అసలు మీదా? ఇంకా ఉన్న బాకీ మీదా?” అని అడగండి. మొత్తం ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. చదివాకే సంతకం చెయ్యండి.

సంఘం లెక్కలో

1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారాకు ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం తర్వాత ఆ జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ పేరుతో రోజుకో రూపాయి దాచుకున్నారు. ఇప్పుడు ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. సంఘం పుస్తకంలో ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ అని రాస్తారు. ఇంగ్లీషులో ఓపెనింగ్ బ్యాలెన్స్, క్లోజింగ్ బ్యాలెన్స్ అంటారు.

దీన్ని సరిచూడడం చాలా తేలిక. పోయిన సమావేశం ముగింపు నిల్వ ఎంతో, ఈ సమావేశం ప్రారంభ నిల్వ అంతే ఉండాలి. ఒక్క రూపాయి కూడా తేడా రాకూడదు. దానికి ఈ రోజు వచ్చినది కలపాలి. ఈ రోజు ఇచ్చినది తీసెయ్యాలి. మిగిలినదే ఈ రోజు ముగింపు నిల్వ. పెట్టెలో డబ్బు లెక్కపెడితే అంతే ఉండాలి. ఈ అంకెను సమావేశంలో పైకి చదవాలి. చదువు వచ్చిన ఒక్కరే చూసుకుంటారులే అని వదిలెయ్యకూడదు. వంతులవారీగా అందరూ చదివితే అనుమానాలుండవు, తగాదాలుండవు.

ఫోనులో

ఇప్పుడు ఖాతా డబ్బు సంగతి ఫోనుకే వస్తుంది. డబ్బు పడినా, పోయినా మెసేజీ వస్తుంది. దాని చివర చాలావరకు బ్యాలెన్స్ అంకె ఉంటుంది. ఆ అంకె చదవడం అలవాటు చేసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఫోనులో మన నిల్వ చూడాలంటే రహస్య అంకె కొట్టాలి. దాన్ని పిన్ అంటారు. అది మనమే కొట్టాలి. కొట్టమని ఇంకొకరికి చెప్పకూడదు. ఇంకో సంగతి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. “మీకు డబ్బు పంపిస్తున్నాం, పిన్ కొట్టండి” అని ఎవరైనా అంటే వాళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు, లాగేవాళ్ళు. ఫోను పెట్టెయ్యండి.

ఇంటికి వెళ్ళాక

చూశారా! తక్కెడ పళ్ళెంలో పుట్టిన మాట ఎన్ని చోట్లకు వచ్చి కూర్చుందో. ఎక్కడ కూర్చున్నా దాని గుణం ఒకటే. దానికి రెండు పక్కలుంటాయి. అందుకే బ్యాలెన్స్ అనే మాట వినగానే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: ఇది నిల్వా, బాకీనా?
రెండు: ఏ రెండు అంకెల తేడా ఇది?
మూడు: ఆ రెండు అంకెలూ ఎక్కడ రాసి ఉన్నాయి?

మూడో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఆ బ్యాలెన్స్‌ను ఒప్పుకోకండి. రాయని లెక్క తూచని సరుకు లాంటిది. ఎంత ఉందో ఎవరు చెప్పగలరు?

ఈ రాత్రి ఒక పని చెయ్యండి. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ ముందు పెట్టుకోండి. బ్యాంకు పుస్తకం, సంఘం పుస్తకం, కొట్టు ఖాతా, అప్పు కాగితం. ఒక్కొక్కదానిలో చివరి అంకె చూడండి. మన డబ్బయితే పక్కన పెన్సిలుతో ‘ని’ అని రాయండి. మనం ఇవ్వాల్సినదైతే ‘బా’ అని రాయండి. తెలియకపోతే ప్రశ్న గుర్తు పెట్టండి.

ప్రశ్న గుర్తు పెట్టిన పుస్తకాన్ని రేపు కేంద్రానికి తీసుకురండి. పది మందీ కూర్చుని చదువుదాం.